సూచిన్ బ్యాటుకి సొంత రబ్బరు

లువాన్ సూచిన్‌ని టేబుల్ టెన్నిస్ జట్టులో ఎవరూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఆట నేర్పే ఫాన్ మాస్టారు ఒక నెల "హంగరీ, ఇటు రా!" అంటే, మరో నెల "కొరియా, ముందు నీళ్లు తాగు" అనేవాడు. ఆ పిల్లేమో చైనాలోని మా షెన్‌యాంగ్‌లోనే పుట్టి, ఇక్కడి చలికి బుగ్గలు పగిలి, ఇక్కడి పులిసిన క్యాబేజీ తిని పెరిగింది. అయినా పదేళ్లపాటు పరాయి దేశాల పేర్లకే పలికింది. ఆమె పని అలాంటిది మరి. జట్టులో మేటి హాన్ యావెన్. యావెన్ రేపు ఎవరితో తలపడాలో ఇవాళ సూచిన్ ఆ మనిషైపోవాలి. ఆ మనిషి రబ్బరు, ఆ మనిషి సర్వీసు, ఆఖరికి బంతి చేజారినప్పుడు ఆ మనిషి పళ్లు కొరికే తీరు కూడా రావాలి.

టేబుల్ టెన్నిస్‌లో రబ్బరు మారిస్తే మనిషే మారిపోతుంది. జిగట రబ్బరు బంతిని పట్టుకుని గిర్రున తిప్పి వదులుతుంది. పొడుగు బొడిపెల రబ్బరైతే ఎదుటివాళ్లు పెట్టిన తిరుగుడుని వాళ్ల మీదకే ఉల్టా పంపిస్తుంది. సూచిన్ సాయంత్రాలు బొగ్గు పొయ్యి పక్కన కూర్చుని పాత రబ్బరు చెక్క మీంచి పీకేది, సైకిల్ ట్యూబులకి పూసే జిగురు బొటనవేలితో పూసేది, కొత్తది అతికించేది. ఆ వాసన జుట్టుకి పట్టి ఎంత తోమినా వదిలేది కాదు. "ఏమే, పంక్చర్ల కొట్టు పెట్టావా?" అని పక్క మంచం పిల్లలు ముక్కులు మూసుకునేవారు.

ఒకసారి యావెన్ ఎక్కడో దూరదేశంలో కొరియా పిల్లని ఓడించిందని రేడియోలో చెప్పారు. మర్నాడు భోజనాల దగ్గర వంటింటి చుయ్ అత్త సూచిన్ గిన్నెలో గరిటెడు కుడుములు ఎక్కువ వేసి, "పాపం తల్లీ, నిన్న చిత్తుగా ఓడిపోయావటగా! ఇంద, తిను, బలం వస్తుంది" అంది. గది గదంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ సూచినే నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అందులో కాస్త ఏడుపూ ఉందని ఎవరు కనిపెట్టగలరు?

అలాగని ఆ రోజుల మీద ఆమెకు పగేమీ లేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంత హుషారుగా మళ్లీ ఎప్పుడూ బతకలేదామె. చెక్క నేల మీద బూట్ల కీచులు, పొయ్యి మీద ఆరేసిన చేతి తొడుగులు, గెలిచొచ్చిన యావెన్ రైలు దిగుతూనే ఆమెను వాటేసుకోవడం. జట్టు వదిలాక బాయిలర్ల కర్మాగారంలో ఉద్యోగం, పెళ్లి, ఒక కూతురు, ముసలితనం. బ్యాటు మాత్రం బీరువా పైన పడి ఉంది.

సూచిన్‌కి అరవై రెండో ఏట యావెనే వచ్చి ఆ బ్యాటు కిందికి దించింది. "వసంతానికి మన పేటలో అరవై దాటినవాళ్లకి పోటీలు పెడుతున్నారు. నీ పేరు ఇచ్చేశాను" అంది.

"నా పేరా? నన్నడగకుండానే?"

"అడిగితే ఒప్పుకుంటావా నువ్వు? ఒక్కసారైనా నా కోసం కాదే, నా మీద ఆడు."

ఆ మాట సూచిన్‌కి ముల్లులా గుచ్చుకుంది. ఆడటానికేం, ఆడుతుంది. కానీ తన ఆటంటూ ఒకటి మిగిలుందా అసలు? పదేళ్లు పరాయివాళ్లందరినీ మోసిన చేతులివి. ఇందులో తనదేది? ఆ సంగతి తేల్చుకోకపోతే ఇక చచ్చేలోగా తేలదని ఆమెకు భయం పట్టుకుంది. అందుకే యావెన్‌ని వెంటేసుకుని చియావ్ దుకాణానికి బయల్దేరింది.

చియావ్ వాళ్లకంటే చాలా చిన్నవాడు. బ్యాట్లకి రబ్బర్లు అతికించడమే అతని వ్యాపారం. సూచిన్ బ్యాటు అందుకుని, చెక్క మీద వేలు ఆనించి ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటక్కా, రబ్బరు పీకినప్పుడల్లా పేళ్లు లేచిపోయి దున్నిన పొలంలా ఉంది! ఒక మనిషి జన్మలో ఇన్ని రబ్బర్లు వాడుతుందా?"

"ఒక మనిషి కాదురా, పరాయి దేశాల జట్లన్నీ వాడాయి" అన్నాడు మూలన టీ గ్లాసుతో కూర్చున్న దుంగ్. ఒకప్పుడు మగపిల్లల జట్టులో ఆడినవాడు, ఇప్పుడు పొట్ట ముందు, మనిషి వెనక. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ తీర్పిచ్చేశాడు. "పొడుగు బొడిపెల రబ్బరు వెయ్యరా చియావ్. ఈవిడ వెనక్కి వెళ్లి బంతిని కోసి కోసి పంపేది. కత్తిపీట చెయ్యి!"

"అది కొరియా పిల్ల ఆట" అంది సూచిన్.

"నీకేం గుర్తుందయ్యా, టీ తాగు!" అని యావెన్ అతని మీద లేచింది. "దీనిది జిగట రబ్బరు. మోచెయ్యి ఎత్తి తిప్పి కొడితే నా పట్టు సడలిపోయేది."

"అది హంగరీ పిల్ల ఆటే."

చియావ్ ఇద్దరినీ చూసి నవ్వాపుకున్నాడు. "కొట్లాడుకోకండి. ఇప్పుడొస్తున్న రబ్బర్లే వేరు. ఇది చూడక్కా, స్పాంజి లోపల బుడగలుంటాయి, బంతి తగిలితే తుపాకీలా పోతుంది. ఇదేమో జిగటకి జిగట, వేగానికి వేగం" అంటూ బల్ల మీద పరిచేశాడు. ఒక రబ్బరు మీద నోటితో 'హా' అని ఆవిరి ఊది, అరచేత్తో తుడిచి, బంతిని అద్ది తలకిందులు చేశాడు. బంతి రాలకుండా వేలాడింది. సూచిన్‌కి ఫాన్ మాస్టారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆయనా సరిగ్గా ఇలాగే చూపించేవాడు.

దుకాణం వెనక గదిలో ఒక ఆట బల్ల ఉంది. చియావ్ ఒక్కో రబ్బరు వేసిన బ్యాటు ఇవ్వడం, యావెన్ అవతల నిలబడి బంతి వెయ్యడం. జిగటది చేతికొచ్చిందో లేదో, సూచిన్ మోచెయ్యి దానంతటదే పైకి లేచింది. "హంగరీ! అచ్చం హంగరీ!" అని యావెన్ చప్పట్లు కొట్టింది. బొడిపెలది ఇవ్వగానే మోకాళ్లు వంగి, కాళ్లు వెనక్కి పోయాయి. బంతి చేజారితే కొరియా పిల్ల లాగే నాలుక చప్పరించింది కూడా. దుంగ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. బుడగల స్పాంజిదైతే ఆమెలోకి ఇంకెవరో దిగారు.

సూచిన్ బ్యాటు బల్ల మీద పడేసింది. "నవ్వకండి! ఏది పట్టుకున్నా ఎవరో ఒకరు పూనుతున్నారు. నేను ఎక్కడికి పోయానే యావెన్? నేనెలా ఆడేదాన్ని?"

యావెన్‌కీ తెలియదు. పదేళ్లు రోజూ ఆడింది, సూచిన్‌తో ఒక్కరోజూ ఆడలేదు.

"జట్టులోకి రాకముందు ఏ రబ్బరుతో ఆడావక్కా?" అని అడిగాడు చియావ్ నెమ్మదిగా.

"రబ్బరా? మా మొహాలకి రబ్బరు కూడానా!" అంది సూచిన్ కోపంగా. అనగానే చిన్నప్పటి ఆట కళ్ల ముందుకొచ్చింది. రైల్వే క్వార్టర్ల బడి వెనక సిమెంటు బల్ల. వలకి బదులు ఇటుకల వరస. నాన్న పార్సిల్ పెట్టె చెక్క కోసి ఇచ్చిన ఉత్త చెక్క బ్యాటు. చలికి వేళ్లు కొంకర్లు పోయినా వదలకుండా, బల్లని అంటిపెట్టుకుని, బంతి లేవగానే టక్కున కొట్టేది. టక్, టక్, టక్. అమ్మ అన్నానికి పిలిచినా వినబడేది కాదు. "ఉత్త చెక్కతో ఆడేదాన్ని" అంది మెల్లగా. "నాకది కావాలి."

"నిబంధనలు ఒప్పుకోవక్కా. పైన రబ్బరుండాలి."

"ఉండాల్సినంతే ఉంచు. అంతకంటే వద్దు."

చియావ్ తల గోక్కుని, కింది సొరుగులో అడుగు దాకా వెతికి, పొట్టి బొడిపెల రబ్బరు ఒకటి తీశాడు. స్పాంజే లేదు, అట్టలా పలచగా ఉంది. "ఇది ఎవరూ కొనరక్కా. తిరుగుడు పుట్టదు, వేగం రాదు. దీంతో గెలవడం కష్టం, ముందే చెబుతున్నా."

"అతికించు" అంది సూచిన్.

జిగురు ఆరాక బంతిని ఒక్కసారి పైకి కొట్టింది. టక్. ఆ చప్పుడికి ఒళ్లు జల్లుమంది. తర్వాతి వారమంతా యావెన్‌ని దగ్గరికి రానివ్వకుండా గోడతోనే ఆడుకుంది.

పోటీ రోజున ఇద్దరికీ రెండో ఆటలోనే పడింది. సూచిన్ బల్లని అంటిపెట్టుకుని నిలబడింది. వెనక్కి ఒక్క అడుగు వెయ్యలేదు. మొదట్లో యావెన్ తికమకపడి వరసగా బంతులు వదిలేసింది. అయినా మేటి మేటే. తిరుగుడు లేని బంతిని ఎలా కొట్టాలో పట్టేసి, ఆ మూలా ఈ మూలా పరిగెత్తించింది. ఆఖరి బంతి సూచిన్ చెక్కకి తగిలి, టక్కుమని, బల్ల దాటిపోయింది.

యావెన్ మాత్రం గెలిచిన సంబరం లేకుండా, చెమట కారుతూ, నడుం మీద చేతులేసుకుని ఆమెనే చూస్తోంది. "ఎవర్తే ఇది? లోకంలో అందరితో ఆడాను, ఇలాంటిదాన్ని ఎక్కడా చూళ్లేదే! ఏ దేశందాన్ని తెచ్చావు?"

మైకులో ఫలితం చదివారు. హాన్ యావెన్ గెలుపు, లువాన్ సూచిన్ ఓటమి. సూచిన్ కదలకుండా నిలబడి విన్నది. తన పేరు అంత స్పష్టంగా, ఒక ఆట చివర, ఎవరూ ఎప్పుడూ చదవలేదు.

గోడ దగ్గర్నుంచి దుంగ్ పాత అలవాటుగా అరిచాడు. "ఏం కొరియా, మళ్లీ ఓడిపోయావా?"

"నోర్ముయ్ దుంగూ!" అంది సూచిన్, కళ్లనీళ్లతోనే నవ్వుతూ. "కొరియా కాదురా. ఇవాళ నేను ఓడిపోయాను. నేనే!"