తోకబండి బీరువాతో దమ్మామ్ నుంచి అబహా దాకా

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి సౌదీలోని దమ్మామ్‌లో బయలుదేరాం. బయలుదేరాం అని సులువుగా రాసేశాను గానీ, కారు వెనక ఆ తోకబండిని, అదే ట్రైలర్‌ని, తగిలించడానికే మా ఆయనకు ముప్పావుగంట పట్టింది. వాచ్‌మన్ వచ్చి చూసి, నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు.

ఈ ప్రయాణం నా కోసం. అబహాలో ఒక స్కూల్లో లెక్కల టీచర్ ఉద్యోగానికి ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. పెళ్లయి ఈ దేశం వచ్చినప్పటి నుంచి ఆరేళ్లుగా మా ఆయన ఇకామా, అంటే నివాస పర్మిట్, మీద ఆధారపడి ఇంట్లో కూర్చున్నాను. కాలేజీలో కాల్‌క్యులస్ చెప్పినదాన్ని, పాల ప్యాకెట్ల మీద తేదీలు చదువుకుంటూ బతుకుతున్నాను. ఈ ఉద్యోగం నాకు కావాలి. విమానమెక్కితే మధ్యాహ్నం భోజనానికి అబహాలో ఉండొచ్చు. మా ఆయన మాత్రం, "విమానమెందుకే వాణీ, మన ఇల్లు మన వెనకాలే వస్తుంది" అన్నారు.

ఇల్లట! ఎవరో దేశం వదిలిపోతూ వదిలించుకున్న బుల్లి క్యాంపింగ్ ట్రైలర్ అది. ఒక మంచం, ఒక స్టవ్, ఇద్దరు ఎదురుపడితే ఒకరు మంచమెక్కాల్సిన నడవ. అందులో బట్టలు పెట్టుకునే చోటు లేదని మా ఆయనకు బెంగ పట్టుకుంది. ఆఫీసులో చమురు పైపులకు డిజైన్లు గీసే ఇంజనీరు, వరసగా సెలవులన్నీ ప్లైవుడ్ కోసుకుంటూ గడిపారు. మంచం కాళ్లవైపు ఒక బీరువా, అందులో అడ్డంగా స్టీలు కడ్డీ, హ్యాంగర్లు ఊగకుండా రబ్బరు బ్యాండ్లు, మంచం కింద ప్లాస్టిక్ సొరుగులు, కప్పుకి వలసంచి. బీరువా తలుపు తెరవాలంటే మంచం మీదున్న మనిషి దిగాలి. దిగిన మనిషికి నిలబడే చోటు లేదు. అయినా ఆ తలుపు పక్కన నిలబడి ఫొటోలు తీసుకుని స్నేహితులందరికీ పంపారు. వాళ్లూ చప్పట్ల బొమ్మలు పంపారు. వాళ్లకేం, అందులో పడుకునేది వాళ్లు కాదు.

నాలుగు రోజుల ప్రయాణానికి తొమ్మిది చొక్కాలు తగిలించుకున్నారు ఆయన. గంజి పెట్టించి ఇస్త్రీ చేయించిన నా మంగళగిరి చీరకి కడ్డీ చివర కాస్త మూల దయచేశారు. బయటికెళ్తే పైన వేసుకునే నా నల్ల అబాయాకి తలుపు వెనక మేకు. వీటన్నిటి మధ్య గుప్పెడు కలరా ఉండలు చల్లారు.

"ఎడారిలో పురుగులుంటాయి" అన్నారు.

ఆ ఎండకి తట్టుకుని బతికిన పురుగు, నా చీర కోసమే కాచుకుని కూర్చుంటుందా అని అడిగాను. ఇంకో నాలుగు ఉండలు వేశారు.

పదకొండు కాకముందే రియాద్‌లో మనవాళ్లంతా చేరే బజారు బతా చేరాం. శుక్రవారం బతాలో మనిషి నిలబడడానికే చోటుండదు. తోకబండి నిలిపే చోటు మా ఆయన ఊహల్లో మాత్రమే ఉంది. నాలుగు వీధులు తిరిగి, ఎక్కడో ఆపి, చెమటలు కక్కుతూ అక్కడి తెలుగు మెస్సుకి నడిచాం. మీరెవరైనా వెళ్తే జుమ్మా నమాజు ముందే తినేయండి, తర్వాత షట్టర్లు దించేస్తారు. పప్పు, గోంగూర బాగున్నాయి. మెస్సు నడిపే కడపాయన వడ్డిస్తూ అడిగాడు: "యాడికి పోతాండారు మేడమ్?"

అబహాకి, వెనక ట్రైలర్ కట్టుకుని, అన్నాను.

"బస్సులో పోయింటే నిద్రపోతా పోయుండొచ్చు గదా" అన్నాడు.

ఆ ప్రయాణంలో నేను విన్న తెలివైన మాట అదే. మా ఆయన పెరుగు కలుపుకోవడంలో మునిగిపోయారు.

ఖర్జ్ దాటాక ఇసుక, రోడ్డు, మమ్మల్ని దాటిపోయే లారీలు. సాయంత్రం లైలా అనే ఊరి దగ్గర పెట్రోలు బంకులో ఆగి ట్రైలర్ తలుపు తీస్తే, రోజంతా ఎండకి ఉడికిన కలరా ఉండల వాసన మొహాన కొట్టింది. రొట్టెకి అదే వాసన, టీకి అదే వాసన. ఆ రాత్రి ఎలా గడిచిందో రాయను.

శనివారం మధ్యాహ్నం వాదీ దవాసిర్‌లో పెట్రోలు పోస్తున్న పాకిస్తానీ అబ్బాయి ట్రైలర్ వైపు చెవి పెట్టి, "భాభీ, అందర్ కుఛ్ గిర్ గయా" అన్నాడు, లోపలేదో పడిందని. తలుపు తీశాం. స్క్రూలు ప్లైవుడ్‌లోంచి ఊడొచ్చి కడ్డీ నేల మీద పడి ఉంది. దాని కింద తొమ్మిది చొక్కాలు, అన్నిటి కిందా ఉండలా చుట్టుకుపోయి నా చీర. కలరా ఉండలు నడవలో ఆ చివర నుంచి ఈ చివరకి దొర్లుతున్నాయి.

"స్క్రూ పొడవు చాలలేదు" అన్నారు మా ఆయన.

"ఆరేళ్లు ఎదురుచూసిన ఉద్యోగాన్ని మీ స్క్రూ మీద వేలాడదీశాను" అన్నాను. ఏడుపొచ్చింది. పెట్రోలు బంకులో ఏడవడం సిగ్గనిపించి కార్లో కూర్చున్నాను.

సాయంత్రం అయిదింటికి అబహా. చల్లగాలి, కొండ మీద మబ్బులు, జునిపర్ చెట్ల కింద కోతులు. లాండ్రీవాడు చీర సోమవారం ఇస్తానన్నాడు. మా ఆయన ట్రైలర్ నుంచి చెట్టుకి నైలాన్ తాడు కట్టి, వాసన పోతుందని చీర ఆరేశారు. అంత డిజైనూ చివరికి దండెం దగ్గర తేలింది. తర్వాత స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించి, మంచం మీద చీర పరిచి, గిన్నె అడుగుతో ఇస్త్రీ చేశారు. మడతలు చాలావరకు పోయాయి. వాసన ఒక్క పిసరు కూడా పోలేదు.

ఆదివారం ప్రిన్సిపల్ గదిలో అబాయా తీయగానే ఆవిడ ముక్కు ఎగబీల్చింది. హైదరాబాదావిడ. నా ప్రాణం పోయింది.

"మా అమ్మ బీరువ తెరిస్తె గిదే వాసనొస్తుండె" అని నవ్వి, పదో తరగతికి తీసుకెళ్లింది. త్రికోణమితి చెప్పమంది. సుద్దముక్క పట్టుకున్నాక నాకు చీర గుర్తులేదు, వాసన గుర్తులేదు. గంట కొట్టినప్పుడు పిల్లలు ఇంకో లెక్క అడిగారు. వచ్చే నెల నుంచి ఉద్యోగం. ఉండడానికి టీచర్ల హాస్టల్లో ఇంకో ఇద్దరితో కలిసి ఒక గది. మగవాళ్లకు గేటు దగ్గరే ఆపుదల.

మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం పెట్టుకున్నాం. మా ఆయన సంతోషంగానే అభినందించారు. వాదీ దవాసిర్ దాకా నేను నా జీతం గురించి, కొనుక్కోబోయే చీరల గురించి మాట్లాడుతూనే ఉన్నాను. ఆ అబ్బాయే మళ్లీ పెట్రోలు పోస్తుంటే, ఆయన అద్దంలో ట్రైలర్‌ని చూస్తూ అన్నారు:

"ఈసారి పొడుగు స్క్రూలు వేస్తాను. ఆ హాస్టల్లోకి నన్నెలాగూ రానివ్వరు కదా. రెండు వారాలకోసారి బండేసుకుని వస్తాను. కడ్డీలో సగం నీకు."

తిట్టడానికి నోరు తెరిచాను. తీరా అడిగింది, కడ్డీ పొడవెంత అని.

ఇక ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా: బస్సెక్కండి, నిద్రపోండి. క్యాంపింగ్ ట్రైలర్ కొనకండి, కొన్నా అందులో బీరువా కట్టకండి. మా ట్రైలర్ చవగ్గా ఇస్తారా అని మాత్రం అడగొద్దు. వచ్చే నెల నుంచి మా ఇద్దరి బట్టలూ పక్కపక్కన వేలాడేది ఆ కడ్డీకే.