ఎర్ర సిరాతో ఒక్క మాట

కోటగిరి నుంచి బోధన్ వెళ్లే బస్సులో పక్కసీటు అక్క నా చేతిలో ఇంగ్లిష్ పేపరు చూసి, సంచీలోంచి కూతురి ప్రోగ్రెస్ కార్డు తీసింది. మార్కుల కింద టీచరు ఎర్ర సిరాతో ఒకే మాట రాశారు: ‘వైవేషస్’.

“సారూ, గిదేం తప్పు?” అంది.

వాళ్లింట్లో ఎర్ర సిరా అంటే కంప్లయింటేనట. పిల్లను బడి మాన్పిస్తానని తండ్రి నాలుగు రోజులుగా ఇంట్లో కూర్చోబెట్టాడు. ఈమె టీచరును బతిమాలడానికి బయల్దేరింది.

“తప్పేం కాదక్కా. ఎప్పుడూ నవ్వుతూ, గలగలా మాట్లాడుతూ హుషారుగా ఉంటుందని మెచ్చుకున్నారు.”

ఆమె నమ్మలేదు. “నవ్వితే గూడ మెచ్చుకుంటరా? మేమైతే గందుకే తిడుతం.”

కార్డు మీద ఒట్టేసినంత పని చేశాను. మా కాకినాడలో ఎవరికీ అక్కరకు రాని నా ఇంగ్లిష్ ఎమ్మే, ఇంత దూరం వచ్చాక కొంచెం పనికొచ్చింది.

ఆమె ఇంట్లో ఉన్న భర్తకు ఫోన్ చేసింది. “ఇంటున్నవా? గది తప్పు గాదట. మెచ్చుకొనే రాసిన్రట. రేపటి సంది పిల్లను బడికి తోలుదాం.”

అవతల పిల్లే ఫోను లాక్కున్నట్టుంది. అక్క తన ఫోన్‌ను చెవికి జానెడు దూరం జరిపింది. టీచరు రాసిన మాటకు అర్థం బోధన్ దాకా బస్సంతా విన్నాం.