గుప్పిట్లో రూపాయి

మేడ్చల్ కళాశాలలో నా తొలి క్వాంటం కంప్యూటింగ్ పాఠంలో తప్పు చెప్పానన్నది నిజం. నాకు చెమటలు పట్టాయన్నది వట్టి వినికిడి. ఎగరేసిన రూపాయిని గుప్పిట్లో మూసి, "చూసేదాకా ఇది బొమ్మా బొరుసూ రెండూనే. క్వాంటం కంప్యూటర్‌లో బిట్టుకు బదులుండే క్యూబిట్ కూడా అంతే, సున్నా, ఒకటి రెండూనే," అన్నాను.

శామీర్‌పేటలో చేపలు పట్టే ఇంటి అమ్మాయి లేచింది. "గదెట్ల సార్? మా నాయిన వల తీసేదాంక చేప పడ్డదో లేదో మాకు తెల్వదు. చేపకైతే తెలుసు గద!"

తరగతి గొల్లుమంది. ఆమె అన్నది నిజమే: గుప్పిట్లో రూపాయి అప్పటికే ఏదో ఒకవైపు పడి ఉంది, తెలియనిది మాకే. వారంలో పరీక్ష, వదిలేస్తే అందరూ నా రూపాయినే రాస్తారు. వెంటనే నోట్సులో కొట్టేయించాను. రూపాయిని రెండుసార్లు ఎగరేసినా ఫలితం చెప్పలేం. క్యూబిట్‌ను, సున్నానూ ఒకటినీ సమపాళ్లలో కలిపే హడమార్డ్ గేటులోంచి రెండుసార్లు పంపితే మొదటి స్థితికే వస్తుంది. తేడా అదీ.

"మరి కొలిసినప్పుడు రెండిట్ల గా ఒక్కటే ఎందుకొస్తది సార్?" అని మళ్లీ ఆ అమ్మాయే అడిగింది.

దానికి శాస్త్రంలోనే ఇంకా జవాబు లేదు. సమీకరణం సంభావ్యతను చెబుతుంది, కారణాన్ని చెప్పదు; ఏ ప్రయోగమూ ఇంతవరకు తేల్చలేదు.