చుక్క తర్వాత పది

ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకుని తిరిగాను. మీరు నన్నేమనుకుంటారో తెలియదు, అయినా చెబుతాను. మస్తాను పని పోయింది నా వల్లే.

కడపలో మా ఆయన పెళ్లిపత్రికలు అచ్చువేసే అంగడి పెట్టిన రోజులవి. కంప్యూటర్లో లైనక్స్ ఎక్కించి నడిపేవాడు మస్తాను. నా చదువు ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రం వచ్చు. టీ ఇవ్వడానికి పోయి అతని వెనకే నిలబడిపోయేదాన్ని. మెషీనులోకి అతను ఎక్కించే ప్రోగ్రాములు, ఆ ప్యాకేజీల పేర్లంటే ఎందుకంత ముచ్చటో! ముందు పేరు, ఒక గీత, తర్వాత అది ఎన్నో కూర్పో చెప్పే అంకెలు, చివర ఏ రకం మెషీనుకో. ఫలానా వాళ్లు, ఎన్నో తరం, ఏ ఊరు అని మనిషిని చెప్పినట్టే ఉండేది.

ఒకరోజు అతను అన్నానికి పోయాడు. తెలుగు అక్షరాలను కూర్చే ప్యాకేజీ ఒకటి తెర మీద కనిపించింది, 2.9. మెషీనులో ఉన్నది 2.10 అని పొద్దున అతనే చెప్పాడు. మా పుట్టింటిది కిరాణా కొట్టు. కాటా మీద 2.10 కన్నా 2.9 ఎక్కువ తూగుతుందని నాకు తెలియదా? కొత్తది వేయడం మరిచిపోయాడనుకుని, అతను కొట్టే ముక్కలే కొట్టాను. మెషీను ఒప్పుకోలేదు, ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అది మొండికేస్తే మస్తాను చివర 'ఫోర్స్' అని చేర్చడం చూశాను. చేర్చాను. సాయం చేద్దామనా, నాకూ వచ్చని చూసుకోవాలనా? రెండోదే.

పొద్దున సరిచూసిందే కదా అని మా ఆయన పత్రికలన్నీ అచ్చుకొట్టేశాడు. ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. పెళ్లికూతురు లక్ష్మి కాస్తా 'లక్‌ష్‌మి' అయింది. వాళ్ల నాయన అంగడి అదిరేలా అరిచి పోయాడు.

"ఏమప్పా మస్తానూ, ఏం చేసినావు దీన్ని?"

"నేనేమీ ముట్టలేదన్నా. అన్నానికి పోయింటి. వదిననడుగు."

"ముట్టకపోతే ఒత్తులు లేసి నడ్సుకుంటా పోయినాయా? ఈడ నీకు తప్ప ఈ యవ్వారం ఎవురికి తెలుసప్పా?"

ఇద్దరూ నా వైపు చూశారు. "కంప్యూటర్ల సంగతి నాకేం తెలుసు" అన్నాను.

మస్తానును మా ఆయన ఆ సాయంత్రమే పంపించేశాడు.

అతని చోట వచ్చినతన్ని ఆ అంకెల సంగతి ఊరికే అడిగినట్టు అడిగాను. ఆ చుక్క కాటా చుక్క కాదట. అటు అంకె వేరు, ఇటు అంకె వేరు, తొమ్మిది తర్వాత పది. అంటే మెషీను ఆ రోజు నాకు చెప్పింది, ఉన్నదే కొత్తదని. అప్పుడైనా నోరు విప్పాలి కదా? విప్పాను, ఇంకో ప్యాకేజీ పేరేమిటని అడగడానికి.

చెడగొట్టేవాడన్న పేరు ఊరంతా పాకి మస్తానుకు ఇంకే అంగట్లోనూ పని దొరకలేదని విన్నాను. బండలు కోసే మిల్లులో చేరాడట. పోయి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.