కుడి చేతి మీద పెళ్లికొడుకు

మా అమ్మ కుట్టు షాపులో మగ్గం వర్క్ చేయడానికి బెంగాల్ నుంచి ఒక మాస్టారు వచ్చారు. ముంబైలో సినిమా వాళ్ళ బట్టలకు, హైదరాబాదులో బొటిక్‌లకు జరీ, ముత్యాలు కుట్టి, చివరికి రావులపాలెంలో అరటి గెలల మార్కెట్ వెనక తేలారు. ఆ కెరీర్ ఎక్కిందో దిగిందో నేనడగలేదు. నాది ఇంకా మొదలే కాలేదు. భార్యనూ పాపనూ తెచ్చుకోవాలని అప్పుడే గది కూడా మాట్లాడుకున్నారు.

అంతలో మా అక్క పెళ్లి వచ్చింది. జాకెట్టు ఎడమ చేతి మీద పెళ్లికూతురి ముఖం, కుడి చేతి మీద పెళ్లికొడుకు ముఖం కుట్టించుకోవడం ఇప్పటి ఫ్యాషన్. అక్క నిశ్చితార్థం ఫొటో ఒకటి మాస్టారి ఫోనుకు పంపింది. పెళ్లి ఇంకా మూడు రోజులుందనగా మగ్గం మీద గుడ్డ చూసి ఇంటిల్లిపాదీ నా వైపు తిరిగారు.

కుడి చేతి మీద ఉన్నది నేను.

జరీ అంచు మధ్య పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. పుట్టాక నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

“ఫొటోలో అమ్మాయిగారిని ఆనుకుని నుంచున్నది ఈయనే కదండి,” అన్నారు మాస్టారు. నిజమే. బావ సిగ్గుపడి ఆ చివరెక్కడో నుంచున్నాడు.

“చర్చిలో ఆయన నా కుడి పక్కనే నుంచుంటారు! వీడి మొహం చూసుకుంటూ ప్రమాణాలు చెయ్యాలా?” అక్క ఏడుపు అందుకుంది.

“ముసుగు కప్పుకుంటే కనపడదులే,” అన్నాను.

“అది నెట్‌రా, వెధవా!”

అమ్మ మాస్టారి వైపు తిరిగింది. “పెళ్లి కాగానే మీరు రైలెక్కెయ్యండి మాస్టారూ. మీ ఆవిణ్ణి రావద్దని చెప్పండి.”

నా దగ్గర ఇంకో జోకుంది. ఆయన సూదులు ఒక్కొక్కటే డబ్బాలో సర్దుకోవడం చూసి మింగేశాను.

విప్పితే పట్టు మీద చిల్లులు మిగులుతాయి. కొత్తగా కుట్టే టైము లేదు. ఆయన చాలాసేపు నన్నే చూశారు. తర్వాత బావ ఫొటో అడిగి తీసుకుని, నల్లదారం ఎక్కించి, నాకు గడ్డం కుట్టడం మొదలెట్టారు. నవ్వు మీద మీసం వాలింది. సాయంత్రానికి నేను పోయి బావ వచ్చాడు. మా ఇద్దరికీ తేడా ఒక్క కండె నల్లదారమేనని తెలిసిన షాక్ నుంచి నేనింకా తేరుకోలేదు.

పెళ్లిలో బావ వాళ్ళమ్మగారు అక్క చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. “అచ్చం మావాడేనండీ! ఎవరు కుట్టారేంటి? మా అమ్మాయిక్కూడా కుట్టించాలి.”

“మా మాస్టారేనండి,” అంది అమ్మ, రెప్ప వెయ్యకుండా. “ఎక్కడికీ వెళ్ళరు. ఇక్కడే ఉంటారు.”

పక్కనే బిరియానీ తింటున్న మాస్టారి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. ప్లేటు నా చేతిలో పెట్టేసి, ఎడం చేత్తో ఫోను తీసి, వాళ్ళావిడకు చెప్పడానికి గేటు వైపు పరుగెత్తారు.