టేకుచెట్టు ఏమన్నట్టు?

యాభైల్లో మేం చోడవరంలో ఉమ్మడి ఇంటి నుంచి వేరుపడి, ఊరి చివర మా చెరకుపొలం పక్కన ఇల్లు కట్టుకుంటున్నాం. పొలం గట్టున, కాలం చేసిన మా తాత నాటిన టేకుచెట్టు ఉండేది. కొత్తింటి గుమ్మం దానితోనే చేయించాలని నాన్న పట్టుదల. పెదనాన్నతో అప్పటికి మాటల్లేవు. తండ్రి చెయ్యి తన గడపలోనైనా ఉండాలనుకున్నాడు కాబోలు.

మావైపు చెట్టు కొట్టేముందు దాన్ని అడగాలి. తొలకరి పడ్డాక నాయనమ్మ చెట్టుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాతనే పిలుస్తున్నట్టు "మీ కొడుకు గుమ్మానికి రండి" అని దణ్ణం పెట్టింది. ముసురు పట్టడంతో వడ్రంగి వెంటనే రాలేదు.

వాన తెరిపిచ్చాక నేను పొలానికి వెళ్తే చెట్టు కింద చినుకుల చప్పుడు. పైన మబ్బు లేదు. చెయ్యి చాపితే తడవలేదు. ఆవగింజల్లాంటి నల్లటి నలుసులు పడ్డాయి. తలెత్తి చూస్తే ఆకాకుకీ లద్దెపురుగులు, రాలేవి వాటి రెట్టలు. కొన్ని దారాలు వదిలి వేలాడుతున్నాయి. వడ్రంగి గొడ్డలితో వచ్చేసరికి చెట్టుకి ఈనెలే మిగిలాయి.

"సచ్చిన సెట్టు గుమ్మానికి పనికిరాదు బాబూ" అన్నాడతను.

నాన్న కత్తితో బెరడు గీకి, "పచ్చగుంది సూడు, సావనేదు" అన్నాడు.

"బతికున్నదైతే తొలకర్లో ఆకేదీ?"

నాయనమ్మ గట్టు మీద కూలబడింది. "ఒద్దంతన్నారురా మీ అయ్య. ఏరుపడొద్దంతన్నారు."

"పురుగు తినీసిందమ్మా!"

"పక్కన మావిడికి పట్టనేదేటి మరి? నానడిగిన సెట్టుకే పట్టాలా?"

వడ్రంగి గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి ఆ చెట్టు కింద తుప్పలు కదిపితే గోధుమరంగు రెక్కల పురుగులు లేచేవి. ఎగిరితే లోపలి రెక్కలు నారింజరంగులో మెరిసేవి. ఆ లద్దెపురుగులే ఇవని నాకప్పుడు తెలియదు. చాలా ఏళ్ళకి, ఉద్యోగంలో ఉండగా, అటవీశాఖ వాళ్ళ పుస్తకంలో చదివాను. తొలకరికి వచ్చే టేకు చిగురంటే దీనికి ప్రాణమట, మామిడి జోలికి పోదట. డైరీలో ఎక్కించుకున్నాను కూడా. అయినా, సరిగ్గా నాయనమ్మ అడిగాకే ఎందుకు పట్టిందో నాకిప్పటికీ తేలలేదు.

శ్రావణానికి చెట్టు మళ్ళీ విస్తళ్ళంత ఆకులు వేసింది.

"ఇప్పుడేటంతన్నాడే అయ్య?" అని నాన్న అడిగాడు.

"కొట్టుకోమంతన్నారో, బతకనియ్యమంతన్నారో నాకేటి తెల్సు? బతికున్నప్పుడూ ఆయన మాట తెమిలేది కాదు" అని నాయనమ్మ విసుక్కుంది.

మళ్ళీ పసుపు రాయించే ధైర్యం నాన్నకి లేకపోయింది. దేవరాపల్లి నుంచి వేపచెక్క తెప్పించాడు. గుమ్మం నిలబెట్టే రోజున పెదనాన్న పిలవకుండానే వచ్చాడు. చెట్టుకేసి చూసి, "అయ్య సెట్టుండగా వేపేటిరా నీకు?" అన్నాడు.

నాన్న తెల్లబోయాడు. చెట్టు వైపు చూశాడు, నాయనమ్మ వైపు చూశాడు. ఇంతలో గుమ్మం ఒక పక్కకి ఒరిగింది.

"ముందిది పట్టుకో అన్నయ్యా" అన్నాడు.