వరిగడ్డితో కదిలిన పాలవ్యాను

గ్యారేజీకి వచ్చేవాళ్ళంతా ఆమెను పానా అక్క అంటారు. తండ్రి చేతికింద పదేళ్ళు పని నేర్చుకుని, ఆయన పోయాక షెడ్డు తాళాలు తనే తీసుకుంది. ఇంజను చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేస్తుంది. ఇంట్లోవాళ్ళ మాట మాత్రం సగమే చెవికెక్కుతుందని అత్తగారి ఫిర్యాదు.

భర్త పాలవ్యాను డ్రైవరు. కోతలయ్యాక ఒక సాయంత్రం, పొలాల్లో తగలబెట్టిన వరిగడ్డి పొగ రోడ్డును కమ్మేసింది. ఎదురుగా ఆగివున్న ట్రాలీ ఆయనకు కనబడలేదు. కుడికాలు మూడుచోట్ల విరిగింది.

"ఆ నిప్పు పెట్టినవాడు దొరికితే..." అంది ఆమె, ఆస్పత్రి మంచం పక్కన పళ్ళు కొరుకుతూ.

"దొరికితే ఏం చేస్తావ్? పదిహేను రోజుల్లో మళ్ళీ నాటాలి. అంత గడ్డిని నెత్తిన పెట్టుకుంటాడా? ఇంకో దారి ఉంటే చూపించు," అన్నాడు భర్త.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. పేడగ్యాసుతో పొయ్యి వెలగడం ఆమె చూసింది. గడ్డి తిన్న ఆవు పేడలోంచి గ్యాసు వస్తే, గడ్డిలోంచే ఎందుకు రాదు? వస్తే వ్యాను ఎందుకు నడవదు?

షెడ్డు వెనక సిమెంటు తొట్టి కట్టించి, పేడనీళ్ళలో తరిగిన గడ్డి వేసి, గాలి చొరకుండా మూత బిగించింది. నెల గడిచినా బుడగ లేదు. మూత తీస్తే గడ్డంతా పైకి తేలి అట్టకట్టి ఉంది. అత్తగారు ముక్కు మూసుకుంది.

"అమ్మాయ్, వ్యాను నడుస్తుందో లేదోగానీ, ఈ కంపుకి ముందు మనం పరుగెత్తేలా ఉన్నాం."

ఆమె నవ్వలేదు. గడ్డిని ఇంకా సన్నగా తరిగి, పాత తొట్టి నీళ్ళలోనే పదిరోజులు నానబెట్టింది. మెత్తబడ్డ గడ్డి ఈసారి మునిగింది, గ్యాసు వచ్చింది. పాత ఇంజనుకు తగిలిస్తే మూడువారాలు తిరిగి ఆగిపోయింది. విప్పితే లోపలి లోహమంతా తినేసినట్టుంది.

వ్యవసాయ కళాశాల ల్యాబులో పనిచేసే ఆవిడ కారణం చెప్పింది. "కుళ్ళిన గుడ్ల వాసన వస్తోంది చూశారా, తినేది అదే. గ్యాసును తుప్పు పట్టిన ఇనుము మీదుగా పంపండి, తుప్పు దాన్ని పట్టేసుకుంటుంది. ఆ తర్వాత నీళ్ళ జల్లుతో కడిగితే అందులో కలిసున్న మండని గాలి నీళ్ళలో కరిగిపోతుంది."

"నా షెడ్డులో తుప్పుకి కరువా!"

లేతు మిషను కింద పేరుకున్న ఇనుప చుట్టలను తడిపి తుప్పు పట్టించి, గొట్టంలో కూరింది. బాగుచేసిన పాలవ్యానుకు సిలిండరూ, షెడ్డులో గ్యాసు నింపే యంత్రమూ మాత్రం లైసెన్సున్నవాళ్ళ చేతే బిగింపించింది.

వ్యానును ఈ గ్యాసుతో నడిపేందుకు అనుమతి కోసం వెళితే, రవాణా ఆఫీసులో గుమస్తా ఫారం తిరగేశాడు. "పెట్రోలు, డీజిలు, గ్యాసు, బ్యాటరీ. గడ్డికి గడి లేదమ్మా."

"గడ్డి కాదండీ, గ్యాసే. బంకులో గ్యాసుతో పోల్చి చూడండి."

పోల్చారు. మండని గాలి ఇంకా ఎక్కువ ఉందని తిప్పి పంపారు. ఆమె నీళ్ళ జల్లు గొట్టాన్ని రెండింతల ఎత్తు చేసి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తిప్పి పంపారు. గొట్టాన్ని ఇంకా ఎత్తు చేశాక, మూడోసారి ముద్ర పడింది.

ఆ రోజు తాళంచెవి భర్త చేతిలో పెట్టింది. ఆయన చేతికర్ర వదల్లేదు.

"నువ్వే నడుపు."

"నేను విప్పగలను, బిగించగలను. పాలు తొణక్కుండా నడపడం మీకే వచ్చు."

ఆయన ఎక్కాడు. బ్రేకును రెండుమూడుసార్లు తొక్కి చూసుకున్నాడు. ఆమె చూడనట్టు కిటికీ బయటికి చూసింది. పొలాల రోడ్డెక్కాక ఆయన పెదవులు బిగుసుకున్నాయి, వేగం తగ్గింది, కానీ బండి ఆగలేదు. పాలకేంద్రం దగ్గర దిగి, "ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం లాగలేకపోతోంది," అన్నాడు.

"తెలుసు. చూస్తాను."

తర్వాతి కోతలకు ఆ రోడ్డు పక్క రైతుల్లో తొమ్మిదిమంది గడ్డి తెచ్చి దించారు. తొట్టిలోంచి తీసిన మడ్డిని ఎరువుగా పట్టుకెళ్ళారు. ఇద్దరు మాత్రం తగలబెట్టారు. ఆమె వాళ్ళిళ్ళకు వెళ్ళి, కోసిన రోజే గడ్డి మోపులు కట్టి తీసుకెళ్ళే పూచీ తనదని చెప్పివచ్చింది.

ఇప్పుడు రెండు వ్యాన్లు తిరుగుతున్నాయి. చలిరోజుల్లో తొట్టి చల్లబడి గ్యాసు సగానికి పడిపోతోంది. గ్యాసు నింపే యంత్రాన్ని చల్లబరిచి బయటికొచ్చే వేడినీటిని తొట్టి చుట్టూ తిప్పడానికి ఆమె గొట్టాలు వంచుతోంది.